దీపం ఘనం చెయ్

మా ముత్తాత దేశ్‌ముఖ్ రంగారావు. ఆయన కొడుకు, మా తాత, దేశ్‌ముఖ్ మాధవరావు. గోపన్‌పల్లి అవతల మొదలుపెడితే పొద్దు గూకే దాకా గుర్రం మీద పోయినా మా ఊళ్ల పొలిమేర దాటేది కాదని చెప్పేవారు. శిస్తు మా గడి మెట్ల మీదే జమ అయ్యేది. అయితే మా ఇంటి గౌరవం శిస్తులో లేదు. పగటి దివిటీలో ఉంది.

పగటి దివిటీ అంటే ఈ కాలం వాళ్లకు తెలియదు. మిట్టమధ్యాహ్నం నెత్తిన ఎండ మండుతుండగా పల్లకీ ముందు ఇద్దరు మనుషులు వెలిగే దివిటీలు పట్టుకొని నడుస్తారు. వెలుతురు కోసం కాదు, మర్యాద కోసం. ఆ మర్యాద దివాణం ఇవ్వాలి. అడిగి తెచ్చుకునేది కాదు, కొనుక్కునేది అంతకన్నా కాదు. మా ముత్తాతకు ఇచ్చారు. మా తాత దాకా సాగింది.

ఇంకొక మాట. మా ఇంట్లో దీపాన్ని ‘ఆర్పు’ అనకూడదు. అశుభం. మీ ఇళ్లలో దీపం కొండెక్కిందంటారు. మా ఇంట్లో ఘనమైందంటారు. పల్లకీ దిగగానే మా తాత వెనక్కి తిరక్కుండా, గొంతు పెంచకుండా ఒక్క మాట అనేవారట. “దీపం ఘనం చెయ్.” ఆ మాటతో దివిటీలు రెండూ ఇసుకలోకి దిగేవి. అంతే. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మా ముత్తాత, తాతల పేర్లు ముందు చెప్పింది గొప్ప కోసం కాదు, ఒట్టు కోసం. మా వంశంలో ఆ పేర్లు తలచి అబద్ధం ఆడినవాడు లేడు. నేనూ ఆడను. ఇది నాకు జరిగింది. నేను నమ్మినా నమ్మకపోయినా... జరిగింది.

తొంభైల చివర. మాదాపూర్ దాటి కొండాపూర్ వైపు కొత్త రోడ్డు వేస్తున్నారు. గుండ్రటి అద్దాల భవనం లేచింది కానీ దాని చుట్టూ ఇంకా బండలే. ఏనుగంతేసి బండలు, ఒకదాని మీద ఒకటి. పగలు కంకర మిషన్ల మోత, చీకటి పడితే కప్పల మోత. నేను అక్కడ వీధి దీపాల పని తనిఖీ చేసే ఇంజనీర్ని. చందానగర్‌లో కిరాయి ఇల్లు, ఒక పాత స్కూటరు. స్తంభాలు పాతడం, తీగ లాగడం, దీపాలు బిగించడం కాంట్రాక్టరు పని. అవి మనుషుల ప్రాణానికి ప్రమాదం కాదని చూసి సంతకం పెట్టడం నా పని. నేను సంతకం పెట్టేదాకా అవి కాంట్రాక్టరువి. పెట్టాక జనానివి.

నా దగ్గర యాదయ్య అని లైన్‌మన్ ఉండేవాడు. ఆ పక్క ఊరివాడే. వాళ్ల తాత మా తాత పల్లకీ ముందు దివిటీ పట్టినవాడు. ఆఫీసులో అందరూ నన్ను సార్ అనేవారు. యాదయ్య ఒక్కడే దొరా అనేవాడు. నేను వద్దనలేదు. ఎందుకు వద్దనాలి?

ఆ వానాకాలం ఒక ఉదయం కొత్త రోడ్డు పక్కన ఒక గేదె చచ్చి పడి ఉంది. కుడి వరుస స్తంభాల దగ్గర, వాన నీళ్లు నిలిచిన మడుగులో. దాని యజమాని నెత్తి కొట్టుకుంటున్నాడు. పాము కరిచిందని కాంట్రాక్టరు మనుషులు తేల్చేశారు. యాదయ్య గేదె చుట్టూ తిరిగి చూసి వచ్చాడు.

“పాము గాదు దొరా. పాము గరిస్తె బర్రె గుంజుకుంట తిరుగుతది, నురగలు కక్కుతది. ఇది నిలవడ్డ కాడ్నే గూలింది.”

నాకూ అదే అనుమానం. ఏదో ఒక స్తంభం లోపల తీగ తోలు ఊడి ఇనుముకు తగులుతున్నది. అలా తగిలినా ప్రమాదం ఉండకూడదు. స్తంభం నుంచి భూమిలోకి ఒక ఎర్త్ తీగ ఉంటుంది. కరెంటు దాని గుండా నేలలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది, దీపాలు పోతాయి. ఆ ఎర్త్ తీగ కలపకపోతే మాత్రం దీపాలు చక్కగా వెలుగుతూనే ఉంటాయి. స్తంభం మాత్రం కాచుకొని కూర్చుంటుంది.

పగలు స్విచ్ వేసి ప్రతి స్తంభాన్నీ చూశాం. ఏమీ లేదు. పొడిగా ఉన్నంతసేపు బయటపడని రోగం అది. వాన పడాలి. వాన కోసం కాచుకున్నాం. తెల్లవారితే రోడ్డు తెరుస్తారనగా, ఆ ముందు సాయంత్రం పడింది. ఆ రాత్రే ఆ స్తంభాన్ని పట్టుకోవాలి. లేకపోతే పొద్దున జనం నడుస్తారు. బడి పిల్లలు వస్తారు. పిల్లలకు స్తంభం కనబడితే ఒక చేత్తో పట్టుకొని గిర్రున తిరగడం అలవాటు... ఎక్కడి పిల్లలైనా అంతే.

జల్లు ఆగాక, చీకటి పడ్డాక బయలుదేరాం.

దీపాల స్విచ్‌లన్నీ ఒక ఇనుప పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె రోడ్డు మలుపుకు ఇవతల, ఒక పెద్ద బండ పక్కన. అందులో రెండు పెద్ద స్విచ్‌లు. ఒకటి కుడి వరుస దీపాలకు, ఒకటి ఎడమ వరుసకు. ఎడమ వరుస కేబుల్‌ను ఆ మధ్యాహ్నమే మట్టి తవ్వే పొక్లెయిన్ గోరు తెంపేసింది. అందుకని ఆ స్విచ్ బందు చేసి దానికి ఎర్ర గుడ్డ కట్టారు. కుడి వరుస ఒక్కటే వెలుగుతున్నది. పెట్టె దగ్గర కాంట్రాక్టరు మనిషి సుబ్బారావు కాపలా. గుంటూరు వైపు నుంచి వచ్చి మియాపూర్‌లో ఉంటున్నాడు. మాటకారి. మాటకు ముందొక అండి, వెనకొక అండి.

“సుబ్బారావూ, నా మాట లేనిది ఏ స్విచ్చూ ముట్టొద్దు. ఎవరు జెప్పినా సరే. మీ కాంట్రాక్టరు జెప్పినా సరే” అన్నాను.

“అలాగేనండి. మీ మాటే మాటండి.”

“ఎవరు జెప్పినా...”

“అర్థమైందండీ. నేనేమన్నా చిన్నపిల్లాడినా సార్? గుంటూరు నుంచి ఇక్కడిదాకా స్విచ్‌లు వేసుకుంటూనే వచ్చానండి.”

“గందుకేనా, నడుమ నల్లగొండల ఎప్పుడు జూసినా కరెంటు ఉండది?” అన్నాడు యాదయ్య.

సుబ్బారావు నవ్వాడు. మేం నడిచాం. అతని నవ్వు కొంతదూరం వినబడింది. తరువాత వినబడలేదు. ఇదీ గుర్తు పెట్టుకోండి... వినబడలేదు.

మలుపు తిరిగాం. పెట్టె బండ వెనక్కి పోయింది. ముందు పసుపు దీపాల వరుస. తడి రోడ్డు మీద వాటి నీడలు, అంటే వెలుగు నీడలు, పొడుగ్గా సాగి ఉన్నాయి. దీపం దీపానికీ తలపైన, దాన్ని వెలిగించే చోకు చుట్ట చప్పుడు. గుంయ్... మని సన్నగా. ఒక స్తంభం కింద నిలబడితే వినబడుతుంది, రెండడుగులు వేస్తే ఆగుతుంది, మళ్లీ తరువాతి స్తంభం కింద మొదలవుతుంది.

యాదయ్య టార్చి నా ముందు వేసి నడుస్తున్నాడు.

“నవ్వొస్తున్నది దొరా.”

“ఎందుకు?”

“మా తాత మీ తాత ముంగట దివిటి వట్టిండు. నేను మీ ముంగట టార్చి వడుతున్న. సర్కార్లు మారినయ్ గని మా డ్యూటి మారలే.”

“మీ తాతకు ఇనాం భూమి ఇచ్చిండ్రు మా తాత. నీకు సర్కారు జీతం ఇస్తున్నది. నీకేం తక్వైంది?”

“తక్వేం లేదు దొరా. దివిటికి సెల్లులు గొనే పని లేకుండె, గంతే.”

ఇలా మాట్లాడుకుంటూనే చూసుకుంటూ పోయాం. ప్రతి స్తంభం దగ్గరా అదే పద్ధతి. యాదయ్య టెస్టర్ మొన ఆనిస్తాడు. దాని పిడిలో చిన్న ఎర్ర దీపం ఉంటుంది, స్తంభంలో కరెంటు ఉంటే వెలుగుతుంది. వెలగలేదు. తరువాతిది. వెలగలేదు. చేత్తో ముట్టొద్దని బయలుదేరేటప్పుడే చెప్పాను. ఎక్కడ వెలిగినా ఇద్దరం వెనక్కి నడిచి పెట్టె దగ్గర స్విచ్ కట్టెయ్యాలి. అదీ ఏర్పాటు. సైగలు లేవు, ఈలలు లేవు. వాటితో అవసరం పడుతుందనుకోలేదు.

గేదె చచ్చిన మడుగు వచ్చింది. వాన నీళ్లు మళ్లీ నిండాయి. ఒడ్డున స్తంభం. పైన దీపం మిగతా వాటిలాగే వెలుగుతున్నది. యాదయ్య టెస్టర్ ఆనించాడు. ఆ ఎర్ర దీపం వెలిగిందా లేదా నేను చూడలేదు. అతను చెబుతున్న మాట వింటున్నాను.

“మా తాత ఒక్కటే జెప్తుండె దొరా. దొర ముంగట దివిటి వట్టినోనికి ఒక్కటే ఫికరు. ఎవ్వరు పిలిచినా సరే వాడు...”

మాట ఆగింది.

తరువాతి మాట వస్తుందని నేను ఎదురుచూశాను. చెప్పడానికి సిగ్గుపడవలసిన పని లేదు, ఎవరైనా ఎదురుచూస్తారు. కథ చెప్పేవాడు మధ్యలో ఆగితే ఊపిరి తీసుకుంటున్నాడనుకుంటాం. చోకు... గుంయ్ మంటున్నది. కప్పలు అరుస్తున్నాయి. యాదయ్య నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. కొంచెం ముందుకు వంగి... టార్చి కింద పడి ఉంది. నీళ్లలో దాని వెలుగు పచ్చగా...

టార్చి ఎందుకు కింద పడిందో అప్పుడు అర్థమైంది.

కాలు బురదలో జారింది. ఆసరాకు చెయ్యి స్తంభానికి పోయింది. పిడికిలి మూసుకుంది. కరెంటు చేసే పని అదే. ముట్టుకున్న చేతిని వదలనివ్వదు, ఇంకా గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. మనిషి అరవడు. అరవడానికి ఊపిరి రాదు. బయటికి ఏమీ కనబడదు. భుజం దగ్గర చొక్కా మాత్రం సన్నగా వణుకుతున్నది. గాలికి వణికినట్టు. గాలి లేదు.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇతరులకు నేర్పినవాణ్ణి. మనిషిని ముట్టొద్దు, ఎండు కర్రతో కొట్టి విడిపించాలి. కర్ర ఏది? చుట్టూ బండలు, బురద. నా చేతిలో గొడుగు ఉంది. కాడ ఇనుము. పారేశాను. నా బట్టలు తడి, చెప్పులు తడి. అతన్ని పట్టుకుంటే ఇద్దరం ఆ స్తంభానికే అంటుకుంటాం. పెట్టె దగ్గరికి పరుగెత్తాలి. అంత దూరం పరుగెత్తేలోపు...

రెండడుగులు వేశాను. నా నోరు మూసుకొని ఉంది. పళ్లు కరుచుకొని ఉన్నాయి. ఆ రాత్రంతా దవడ నొప్పి పెట్టింది, అందుకే ఇంత నమ్మకంగా చెబుతున్నాను. నేను అరవలేదు.

అప్పుడు దీపాలు పెద్దవయ్యాయి.

వేరే మాట లేదు నా దగ్గర. పసుపు పోయి తెల్లబడ్డాయి. వరుసలోని దీపాలు, చాలా దీపాలు, ఒక్కసారి ఉబ్బినట్టు... బండలన్నీ పగటిలా కనబడ్డాయి. బండల మీద వాన చారలు కూడా కనబడ్డాయి. రోడ్డు మీద నా నీడ చిన్నదై కాళ్ల కిందికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం నీడలాగ.

తరువాత చీకటి.

కప్పలు ఆగిపోయాయి. చోకు ఆగిపోయింది. నీళ్లలో ఏదో పడిన చప్పుడు. ధబ్... అది యాదయ్య.

నేను తడుముకుంటూ వెళ్లాను. కరెంటు పోయిందని తెలిసినా ముట్టుకోవడానికి చెయ్యి వెనకాడింది. మా పనిలో ఒక అలవాటు ఉంది. తప్పనిసరై ముట్టవలసి వస్తే అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో ముట్టాలి. కరెంటు ఉన్నా పిడికిలి ముడుచుకొని వెనక్కి లాక్కుంటుంది గాని పట్టుకోదు. అలాగే ముట్టాను. నా ప్రాణం పోయినంత చల్లగా ఉంది అతని చెంప. లాగి ఒడ్డున వేశాను. గుండె మీద రెండు చేతులూ పెట్టి ఒత్తాను. ఒత్తాను. ఒక దగ్గు. మళ్లీ ఒక దగ్గు. ఊపిరి వచ్చింది.

అప్పుడు వచ్చింది వాసన. ఆముదం కాలిన వాసన. నూనె గుడ్డ కాలి, ఇసుకలో గుచ్చాక వచ్చే పొగ... ఆ వాసన. కేబుల్ తోలు కాలితే వాసన వస్తుంది, నాకు తెలుసు, ఏళ్ల తరబడి పీల్చాను. ఇది అది కాదనిపించింది. ఇప్పుడు అడిగితే... అదే కావచ్చు కూడా. ముక్కును నమ్మి ఒట్టు వెయ్యను.

సుబ్బారావు టార్చి ఊపుకుంటూ, రొప్పుకుంటూ పరుగెత్తి వచ్చాడు.

“సార్! పెట్టె పేలిపోయిందండి! ఫ్యూజులన్నీ... పెద్ద మంట సార్! నా చెయ్యి... యాదయ్యకేమైందండి?”

“బతికిండు. ఏం జేసినవ్ నువ్వు?”

“ఎడమ వరుస వేశానండి.”

నాకు ఒళ్లు మండింది. తెగిన కేబుల్. ఎర్ర గుడ్డ కట్టిన స్విచ్. తెగిన కేబుల్ మీద కరెంటు వేస్తే ఒక ఫేజు కుప్పకూలుతుంది, మిగతా ఫేజుల్లో ఒక్క క్షణం వోల్టేజి లేస్తుంది, ఆ తరువాత అసలు ఫ్యూజులే పోతాయి. దీపాలు ఎందుకు పెద్దవయ్యాయో, ఎందుకు పోయాయో అదీ సంగతి. అంతవరకూ నాకు చీకటి లేదు.

“ఎర్ర గుడ్డ గట్టిన స్విచ్ ఎవడు వెయ్యమన్నడు నీకు?”

సుబ్బారావు టార్చి నా మొహం మీదికి లేచింది.

“మీరే కదండీ!”

“నేనా?”

“మీరేనండి. నా వెనకాల నిలబడి.”

“సుబ్బారావూ, నేను ఈడ ఉన్న. యాదయ్య కాడ. ఈణ్ణుంచి నువ్వు గనబడవు కూడ.”

“అదేనండి నాకూ...” టార్చి కిందికి దించాడు. “నేను బీడీ ముట్టించుకుందామని అగ్గిపెట్టె తీశానండి. తడిసింది. గీస్తున్నా, గీస్తున్నా, అంటుకోట్లేదు. వెనకనుంచి మీ మాట వినబడింది. బండ వైపు నుంచి. కోపంగా కాదండి. తొందరగా కూడా కాదు. రోజూ చెప్పే మాటలాగే అన్నారు.”

“ఏమన్న?”

“దీపం ఘనం చెయ్, అన్నారండి.”

ఇక్కడ కొంచెం ఆగనివ్వండి.

ఆ మాట సుబ్బారావుకు తెలియదు. కొన్ని పాత ఇళ్లలో తప్ప ఎవరూ అనరు. ఆఫీసులో నేను ఎన్నడూ అనలేదు. అక్కడ లైటు కట్టెయ్, స్విచ్ బందు చెయ్, అంటాం. ఆ బండల మధ్య ఆ రాత్రి ఆ మాట తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకడి దవడ కరెంటుతో బిగుసుకుపోయి ఉంది. రెండోవాణ్ణి నేను.

“ఘనం అంటే ఏందనుకున్నవ్?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“పెద్దదనే కదండీ! పెళ్లి ఘనంగా చేశారంటాం కదా. దీపాలు ఘనంగా అంటే రెండు వరుసలూ వెయ్యమంటున్నారనుకున్నా. పొద్దున తెరవాలి కదా, ఒకసారి చూసుకుంటారేమో అని. ఎర్ర గుడ్డ చూసి అనుమానం వచ్చిందండి, రాలేదనను. కానీ మీరే చెప్పి వెళ్లారు, నా మాట తప్ప ఎవరి మాటా వినొద్దని. వచ్చింది మీ మాట. నేనేం చెయ్యను చెప్పండి? సరేనండీ అని కూడా అన్నా. అన్నాక వెనక్కి తిరిగి చూశా.”

“చూస్తే?”

“బండ ఉందండి.”

అతను ఏడుస్తాడేమో అనిపించింది. ఉద్యోగం పోతుందని భయం. పోగొట్టే ఉద్దేశం నాకు లేదు. గచ్చిబౌలి వైపు నుంచి ఇసుక లారీ ఒకటి వస్తుంటే ఆపాం. యాదయ్యను క్యాబిన్‌లో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా సుబ్బారావు నా గొంతు మళ్లీ మళ్లీ వింటున్నట్టు నా వైపే చూస్తున్నాడు.

యాదయ్య అరచెయ్యి కాలింది. మనిషి దక్కాడు. పొద్దున దవాఖానలో పక్కన కూర్చుంటే కళ్లు తెరిచి చూశాడు.

“దొరా, నా మాట నడుమల్నే ఆగింది గదా.”

“ఏ మాట?”

“దివిటి వట్టినోని ఫికరు. ఎవ్వరు పిలిచినా సరే వాడు ఎన్కకు జూడొద్దు.”

“ఎందుకు?” అన్నాను.

“ఎన్కకు మళ్లితె నూనె దొర మీద పడ్తది గద దొరా! గింత కూడ ఎరుక లేదా?” అని నవ్వబోయి దగ్గాడు.

అంతేనా? అంతేనన్నాడు. “చెయ్యి పట్టుకున్నంక నీకేమన్నా వినబడ్డదా?” అని అడిగాను. “తేనెటీగలు దొరా. నెత్తిల మొత్తం తేనెటీగలు” అన్నాడు.

ఆ స్తంభం తెరిచి చూశాం. అనుకున్నదే. తీగ తోలు ఊడి లోపలి ఇనుముకు ఆనుకొని ఉంది. ఎర్త్ తీగ చుట్ట చుట్టినట్టే కింద పడి ఉంది. కలపలేదు, కలపడం మరిచిపోయారు. రోడ్డు తెరవడం వాయిదా వేయించాను. నా సంతకం లేకుండా దీపాలు వెలగవని చెప్పి కూర్చున్నాను. పైనుంచి కబుర్లు వచ్చాయి, కాంట్రాక్టరు ఇంటికి వచ్చి మర్యాదగా మాట్లాడాడు, తరువాత మర్యాద లేకుండా మాట్లాడాడు. నేను కదలలేదు. ప్రతి స్తంభానికీ ఎర్త్ కలిపించి, ప్రతి స్తంభం దగ్గరా నీళ్లు పోయించి చూసి, అప్పుడు పెట్టాను సంతకం. ప్రారంభం రోజు పెద్దలు వచ్చారు. ఫోటోల కోసం మిట్టమధ్యాహ్నం రెండు వరుసలూ వెలిగించారు. ఎండలో అన్ని దీపాలు. నా పక్కన నిలబడ్డ యాదయ్య కట్టు కట్టిన చేత్తో నోరు మూసుకొని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఒక పరీక్ష చేశాను. చెయ్యకుండా ఉండలేకపోయాను. దాదాపు అదే వేళకు సుబ్బారావును పెట్టె దగ్గర నిలబెట్టి, నేను ఆ మడుగు దగ్గరికి పోయాను. గొంతు చించుకొని అరిచాను. “దీపం ఘనం చెయ్!” బండలు విన్నాయి. కప్పలు విన్నాయి. మళ్లీ అరిచాను. తిరిగి వచ్చి అడిగాను.

“వినబడ్డదా?”

“లేదండి.”

మనసు కొంచెం కుదుటపడిందో, ఇంకా చెదిరిందో చెప్పలేను. పెట్టె పక్కన, ఆ బండకు వీపు ఆనించి నిలబడ్డాను. “ఇప్పుడు విను” అని, మామూలు గొంతుతో, రోజూ చెప్పే మాటలాగే అన్నాను. “దీపం ఘనం చెయ్.”

సుబ్బారావు తల వంచుకొని విన్నాడు.

“ఇది మీ గొంతేనండి” అన్నాడు.

“ఆ రోజు విన్నదీ ఇదే గదా?”

“ఆ రోజు కూడా మీదేననుకున్నానండి. ఇప్పుడు మీరంటుంటే... ఇది కాదండి. అది కొంచెం... ఎలా చెప్పాలి సార్... అది ఎవరైనా వింటారా వినరా అని అనుమానమే లేని గొంతండి.”

స్కూటరు ఎక్కి ఇంటికి వచ్చాను.

అప్పటినుంచి ఎన్నో విధాల చెప్పుకున్నాను. నేనే అరిచి ఉంటాను, భయంలో తెలియలేదు, దవడ నొప్పి ఆ అరుపుదే కావచ్చు. బండల సందుల్లోంచి మాట వంకరగా ప్రయాణిస్తుంది, వాన వెలిసిన గాలికి ఎక్కడిదో ఎక్కడో వినబడుతుంది. లేదా ఆ సాయంత్రం పెట్టె దగ్గరే ఏ పరధ్యానంలోనో ఆ మాట నా నోటివెంట వచ్చి ఉంటుంది, సుబ్బారావు చెవిలో పడి, తరువాత చీకట్లో తిరిగి మోగి ఉంటుంది. ఏది అనుకున్నా ఒక మూల చిరుగు మిగులుతుంది. ఆ మాట అన్నది ఎవరైనా సరే, ఆర్పమనే అన్నారు. విన్నవాడు పెంచమన్నారనుకున్నాడు. పెంచాడు. అందువల్లే ఆరాయి. ఆ మధ్యాహ్నం పొక్లెయిన్ ఎడమ వరుస కేబుల్‌ను తెంపకపోయి ఉంటే రెండు వరుసలూ నిజంగానే ఘనంగా వెలిగేవి. యాదయ్య ఆ వెలుగులో పోయేవాడు. మా తాతకు, అది మా తాతే అయితే, గుంటూరు మనిషి ఆ మాటను ఎలా అర్థం చేసుకుంటాడో ఎలా తెలుసు? మా తాత కాకపోతే ఆ మాట ఇంకెవరికి తెలుసు?

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఆ దారిలో చీకటి పడ్డాక పోవలసి వస్తే మలుపు దగ్గర స్కూటరు నెమ్మది చేస్తాను. ఆగను. వెనక్కి చూడను.

పగటి దివిటీల కాడలు రెండూ వెండివి. నన్ను ఎలక్ట్రికల్ చదువులో చేర్చడానికి మా నాన్న వాటిని చార్‌కమాన్‌లో ఒక సేటుకు తూకానికి అమ్మేశారు.